అడగకుండా అమ్మే చోట కొనకండి

(విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సభలో ఒక చర్మవైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు మీ అందరి దగ్గర ముందే చీటీల మీద ప్రశ్నలు రాయించి నాకు పంపారు. అన్నీ చదివాను. ఎక్కువ చీటీల్లో ఉన్న ప్రశ్న ఇది: "మేడమ్, మొటిమలకు యాంటీబయాటిక్ ఆన్‌లైన్‌లో కొందామనుకుంటున్నాను. ఏ సైట్‌ని నమ్మొచ్చు?"

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఏ సైట్ అన్నది రెండోది. నాకు అసలు యాంటీబయాటిక్ కావాలా అన్నది మొదటిది. మొదటిదాన్ని దాటేసి నేరుగా రెండోదానికి వెళ్లినవాళ్లను నేను తరచుగా చూస్తుంటాను. అందులో ఒకబ్బాయి సంగతి చెబుతాను.

పందొమ్మిదేళ్లుంటాయి. మూడు రోజులుగా ఛాతీ మధ్యలో నొప్పి, గుటక వేస్తే మంట. మంచినీళ్లు కూడా మింగలేకపోతున్నాడు. వాళ్లమ్మగారు గుండెనొప్పేమోనని హడలిపోయి ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ ఈసీజీ తీశారు, గుండె బాగానే ఉంది. ఏమైనా మందులు వాడుతున్నావా అని అడిగితే మొటిమలకు బిళ్లలు వేసుకుంటున్నానన్నాడట. అక్కడి డాక్టరు గొంతుకు కావలసిన వైద్యం మొదలుపెట్టి, మొటిమల సంగతి చూడమని నా దగ్గరకు పంపారు.

ఆ మందు చూపించమన్నాను. బ్యాగులోంచి చిన్న జిప్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. లోపల ఓ ఇరవై దాకా క్యాప్సూల్స్. స్ట్రిప్ లేదు, పెట్టె లేదు, లోపల కాగితం లేదు. చెమ్మ తగిలి రెండు మూడు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పేరేమిటి అంటే "డాక్సీసైక్లిన్ అని సైట్‌లో ఉంది మేడమ్" అన్నాడు. సైట్‌లో ఉంది. కవరు మీద మాత్రం ఒక్క అక్షరం లేదు. రాత్రి పడుకోబోయే ముందు ఒక్క గుక్క నీళ్లతో మింగి వెంటనే వెనక్కి వాలిపోయేవాడు. డాక్సీసైక్లిన్ ఒక యాంటీబయాటిక్, దాన్ని అలా వేసుకుంటే అన్నవాహికలో ఇరుక్కుని అక్కడే కరుగుతుంది, లోపలి పొరను కాల్చేస్తుంది. అందుకే ఆ మందు ఇచ్చేటప్పుడు మేము తప్పకుండా చెబుతాం: గ్లాసు నిండా నీళ్లు తాగాలి, కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి, పడుకునే ముందు వేసుకోకూడదు. ఆ అబ్బాయికి ఈ మాట చెప్పే మనిషే లేడు. డబ్బు కట్టాడు, కవరు వచ్చింది, అంతే.

తర్వాత అతని ముఖం చూశాను. నుదుటి మీద పది పన్నెండు వైట్‌హెడ్స్, అంటే చిన్న తెల్లటి బుడిపెలు, గడ్డం దగ్గర రెండు ఎర్ర పొక్కులు. అంతే! ఆ ముఖానికి ఏ యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఇప్పటికీ ఆ కవరు గుర్తొస్తే నాకు బాధగానే ఉంటుంది.

అక్కర్లేదని ఎందుకన్నానో అర్థం కావాలంటే మొటిమ ఎలా పుడుతుందో తెలియాలి.

మన చర్మం మీద ప్రతి సన్నని వెంట్రుక మొదట్లో ఒక గొట్టం లాంటి రంధ్రం ఉంటుంది. దానికి ఆనుకుని నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో హార్మోన్ల వల్ల ఆ గ్రంథి పెద్దదై జిడ్డు ఎక్కువగా వదులుతుంది. మామూలుగా రంధ్రం లోపలి గోడల నుంచి రాలే మృతకణాలు బయటికి వచ్చేయాలి. మొటిమలు వచ్చేవాళ్లలో అవి జిడ్డుతో కలిసి అంటుకుని, సీసా మూతికి బిరడా బిగించినట్టు రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల జిడ్డు పేరుకుంటుంది. అక్కడ క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. ఇది బయటినుంచి వచ్చిన శత్రువు కాదు, మొటిమలు లేనివాళ్ల చర్మం మీద కూడా ఉంటుంది. బిరడా పడ్డాక అది పెరగడం, దానికి శరీరం స్పందించడం, ఎర్రబడటం, వాయడం, చీము పట్టడం, ఇదీ వరుస.

బ్లాక్‌హెడ్ నల్లగా ఉంటే మురికి అనుకుని గీకి గీకి కడిగేవాళ్లున్నారు. అది మురికి కాదు. చర్మపు రంగునిచ్చే మెలనిన్ వల్ల, గాలి తగలడం వల్ల ఆ బిరడా పైభాగం నల్లబడుతుంది. ఎంత రుద్దినా పోదు, చర్మమే పుండు పడుతుంది.

ఇప్పుడు చూడండి, మూలం బిరడా. యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? సూక్ష్మజీవిని తగ్గిస్తుంది, వాపును కొంత తగ్గిస్తుంది. బిరడాను మాత్రం తియ్యలేదు. అందుకే బిళ్లలు మింగినన్నాళ్లు తగ్గినట్టుండి, ఆపాక మళ్లీ వస్తాయి. యాంటీబయాటిక్ బిళ్లలకు మొటిమల వైద్యంలో చోటు లేదని నేను అనను. ఎర్రటి చీము పొక్కులు ముఖమంతా, వీపంతా ఉన్నవాళ్లకు మేమే రాస్తాం. అప్పుడు కూడా పూత మందుతో కలిపి, మూడు నెలల్లో ఆపేద్దామనే లెక్కతో రాస్తాం. వైట్‌హెడ్స్, బ్లాక్‌హెడ్స్, అక్కడక్కడ నాలుగు ఎర్ర పొక్కులు ఉండి, లోతైన గడ్డలు గానీ గుంటలు గానీ లేకపోతే అది స్వల్పస్థాయి. దానికి పూత మందులే వైద్యం.

"పోనీ వేసుకుంటే పోయేదేముంది మేడమ్?" అని కూడా ఒక చీటీలో ఉంది. పోయేది చాలా ఉంది. మొటిమ కోసం మింగిన బిళ్ల మొటిమ దగ్గరకే వెళ్లదు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. పేగుల్లో, గొంతులో, చర్మం మీద ఉన్న కోట్లాది సూక్ష్మజీవుల్లో ఆ మందుకు లొంగేవి చస్తాయి, లొంగనివి మిగులుతాయి. మిగిలినవే పిల్లలు పెడతాయి. మొటిమలకు యాంటీబయాటిక్స్ వాడినవాళ్ల చర్మం మీదే కాదు, వాళ్ల ఇంట్లోవాళ్ల చర్మం మీద కూడా మందుకు లొంగని రకాలు కనిపించాయి. అంటే మీరు మింగిన బిళ్ల ఫలితం మీ దగ్గరే ఆగదు.

పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించారు: జనం తమంతట తాము చాలీచాలని మోతాదులో వేసుకుంటే సూక్ష్మజీవులు చావకపోగా ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయని. ఆయన భయపడ్డదే జరిగింది. ఒక్క 2019లోనే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 12 లక్షల 70 వేల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియాయే నేరుగా కారణమని అంచనా. రేపు మనకో మన ఇంట్లో పసిబిడ్డకో న్యుమోనియా వచ్చినప్పుడు పనిచెయ్యాల్సిన మందులివి. నుదుటి మీద వైట్‌హెడ్స్ కోసం వాటిని ఖర్చుపెట్టేయడం నాకు మనసొప్పదు.

సరే, రెండో ప్రశ్నకు వద్దాం. డాక్టరు చూసి నిజంగానే యాంటీబయాటిక్ రాశారనుకోండి. దగ్గర్లో దొరకలేదు, లేదా వెళ్లే వీలు లేదు. ఆన్‌లైన్‌లో కొనడం తప్పా? తప్పు కాదు. చట్టం అనుమతించిన చోట, అనుమతి ఉన్న ఫార్మసీ నుంచి, ప్రిస్క్రిప్షన్ ఇచ్చి కొంటే అది కూడా మందుల షాపే.

మరి మంచిదాన్ని ఎలా గుర్తుపట్టాలి? ఒక్క విషయం చూడండి. ఆ సైట్ మీకు మందు ఇవ్వనని చెప్పగలదా? మంచి ఫార్మసీ ప్రిస్క్రిప్షన్ లేకపోతే యాంటీబయాటిక్ ఇవ్వదు. ప్రిస్క్రిప్షన్ మీద అనుమానం వస్తే ఫోన్ చేస్తుంది. మీరు వాడే మరో మందుతో దీనికి పడదనిపిస్తే ఆపి అడుగుతుంది. కార్డు నంబరు తప్ప ఇంకేమీ అడగని సైట్‌కి మీరు ఎవరో, మీకేమవుతుందో అనవసరం.

కొన్ని సైట్లు తెలివిగా ఒక ఫారమ్ పెడతాయి. "మీకు అలర్జీ ఉందా? గర్భిణా? వేరే మందులు వాడుతున్నారా?" అన్నిటికీ "లేదు" అని ముందే టిక్కు పెట్టి ఉంటుంది. మీరు కింద బటన్ నొక్కితే చాలు, "డాక్టరుగారు ఆమోదించారు" అని వస్తుంది. దాన్ని వైద్యం అనలేం. నిజమైన ఆన్‌లైన్ డాక్టరు మీ ముఖం ఫోటో అడుగుతారు, వీడియోలో చూస్తారు, పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చెబుతారు. ఆ ప్రశ్నలకు అర్థం ఉంది. డాక్సీసైక్లిన్ గర్భిణులకు ఇవ్వకూడదు. ఐసోట్రెటినోయిన్ అనే మొటిమల మందు వాడుతున్నవాళ్లకు కలిపి ఇస్తే తల లోపల ఒత్తిడి పెరిగి, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం దాకా వెళ్లొచ్చు. ఐరన్, కాల్షియం బిళ్లలు, అసిడిటీ మందులు దానితోపాటే వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. ఎండలోకి వెళ్తే చర్మం మామూలుకన్నా త్వరగా కమిలిపోతుంది. అజిత్రోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ అయితే కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుంది. ఇవన్నీ అడగకుండా ఎవరు ఇచ్చినా, ఎంత చవగ్గా ఇచ్చినా, వద్దనండి.

ఇక పరిశీలన విషయానికొస్తే, చిరునామా, ఫోన్ నంబరు, లైసెన్స్ నంబరు సైట్ మీద ఉండాలి. అవి ఉన్నాయి కదా అని ఆగిపోకండి. మీ దేశపు మందుల నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌కి మీరు విడిగా వెళ్లి, అక్కడి జాబితాలో ఈ ఫార్మసీ పేరు ఉందేమో వెతకండి. సైట్ ఇచ్చిన లింకు మీద నొక్కి వెళ్లకండి. ఎందుకంటే ముద్రలు, లోగోలు ఎవరైనా కాపీ చేసి అతికించుకోగలరు. ఐరోపా సమాఖ్యలో 2015 నుంచి ఆన్‌లైన్ ఫార్మసీలకు ఒక ఉమ్మడి లోగో పెట్టారు. దాని మీద నొక్కితే ఆ దేశపు అధికార సంస్థ జాబితా తెరుచుకోవాలి. అక్కడ ఈ ఫార్మసీ పేరు కనిపించాలి, తెరుచుకున్నది ఆ సంస్థ అసలు వెబ్‌సైటేనా అన్నది కూడా చూసుకోవాలి. నొక్కినా ఏమీ జరగకపోతే అది ఉత్త బొమ్మ. ఈ లోగో లేని దేశంలోనూ పద్ధతి ఇదే: ముద్రను కాకుండా జాబితాను నమ్మండి.

అనుమానించాల్సినంత అవసరం ఉందా అంటే ఉంది. మధ్య, అల్పాదాయ దేశాల్లో తిరిగే వైద్య ఉత్పత్తుల్లో దాదాపు పదింటిలో ఒకటి నాసిరకమో నకిలీయో అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. నకిలీ అంటే సుద్దపొడి అనే అనుకుంటాం. కొన్నిసార్లు అంతే. కొన్నిసార్లు లోపల వేరే మందు ఉంటుంది. కొన్నిసార్లు అసలు మందే ఉంటుంది గానీ సగం కూడా ఉండదు. యాంటీబయాటిక్ విషయంలో ఈ మూడోది ఎంత ప్రమాదమో ఫ్లెమింగ్ మాట గుర్తుంటే చాలు.

పార్సిల్ వచ్చాక కూడా ఒక రెండు నిమిషాలు కూర్చుని చూడండి. మందు పేరు, మోతాదు ప్రిస్క్రిప్షన్‌లో ఉన్నవేనా? పెట్టె మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ లోపలి స్ట్రిప్ మీదివాటితో కలుస్తున్నాయా? అక్షరదోషాలున్నాయా? బిళ్లలు పొడిరాలుతున్నాయా, రంగు మారాయా, అతుక్కున్నాయా? స్ట్రిప్ లేకుండా విడి బిళ్లలు వస్తే వాటిని నోట్లో వేసుకోకండి, ఏమీ ఆలోచించనక్కర్లేదు. అనుమానం వస్తే ఫార్మసిస్టుకు చూపించండి, తయారీ సంస్థకు బ్యాచ్ నంబరు చెప్పి అడగండి. గడువు తేదీని తేలిగ్గా తీసుకోవద్దు. 1960ల్లో పాడైపోయిన టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేసుకున్నవాళ్లకు మూత్రపిండాలు దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికలకెక్కాయి. డాక్సీసైక్లిన్‌ది కూడా ఆ కుటుంబమే. వేడిలో, చెమ్మలో నిలవ ఉంచకూడని మందులివి.

ఇప్పుడు మీలో ఎక్కువమందికి పనికొచ్చే సంగతి. స్వల్పస్థాయి మొటిమలకు ఏం చెయ్యాలి?

నేను ఎక్కువగా రెండు మందులతో మొదలుపెడతాను. ఒకటి అడాపలీన్ 0.1 శాతం జెల్. బిరడాను విప్పేది, కొత్త బిరడా పడకుండా చూసేది ఇదే. రెండోది బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది సూక్ష్మజీవిని చంపుతుంది. ఎన్నో ఏళ్లుగా వాడుతున్నా దీనికి సూక్ష్మజీవులు అలవాటుపడలేదు. అదే దీని గొప్పతనం. ఎక్కువ శాతం ఉంటే ఎక్కువ పని చేస్తుందనుకుని పది శాతం కొనేస్తారు. 2.5 శాతం కూడా దాదాపు అంతే పని చేస్తుంది, మంట మాత్రం తక్కువ. క్లిండామైసిన్ జెల్ గురించి ఒక మాట: అది పూతే అయినా యాంటీబయాటిక్కే. దాన్ని ఒక్కదాన్నే నెలల తరబడి రాసుకోకూడదు, బెంజాయిల్ పెరాక్సైడ్ జతగా ఉండాలి.

రాసుకోవడంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. మొటిమ మీద మాత్రమే చుక్క పెడతారు. అడాపలీన్ ఉన్న మొటిమ కోసమే కాదు, రాబోయే మొటిమ కోసం కూడా. కంటికి కనిపించని బిరడా పొక్కుగా పైకి రావడానికి వారాలు పడుతుంది. అందుకని మొటిమలు వచ్చే చోటంతా పలుచగా రాయాలి. రాత్రి గాఢత తక్కువున్న ఫేస్‌వాష్‌తో కడిగి, మెత్తగా అద్ది, పూర్తిగా ఆరనిచ్చి, బఠాణీ గింజంత జెల్ వేలి కొసన తీసుకోండి. నుదుటి మీద, రెండు బుగ్గల మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి మొత్తం ముఖానికి పరచండి. ముఖమంతటికీ ఆ గింజంత చాలు. కళ్ల చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కు పక్క మడతల్లో రాయకండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. పైన మాయిశ్చరైజర్. జిడ్డు ముఖానికి మాయిశ్చరైజర్ ఎందుకని అడుగుతారు, చర్మం పొట్టు లేచి మంట పుడితే మీరే మందు ఆపేస్తారు కాబట్టి. బెంజాయిల్ పెరాక్సైడ్‌ని ఉదయం రాసుకోవచ్చు. అది బట్టల రంగు లాగేస్తుంది, అందుకని తెల్ల తువ్వాలు, తెల్ల దిండుగలీబు వాడండి. పగలు సన్‌స్క్రీన్ తప్పదు. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు అడాపలీన్ వాడకూడదు, వాళ్లకు అజెలాయిక్ యాసిడ్ లాంటి వేరే పూత మందులు ఉన్నాయి, డాక్టరును అడగండి.

మొదటి మూడు నాలుగు వారాల్లో మొటిమలు ఎక్కువైనట్టు కనిపించవచ్చు. ఇక్కడే చాలామంది ఓపిక పోయి మందు మార్చేస్తారు. రెండు వారాలకొకటి మారిస్తే ఏదీ పనిచేసే అవకాశం ఉండదు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగండి. రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు. అదే వెలుతురులో, అదే చోట నెలకొక ఫోటో తీసుకోండి. మొటిమ తగ్గాక మిగిలే నల్లమచ్చలు మన రంగు చర్మం మీద నెలల పాటు ఉంటాయి. గిల్లితే ఇంకా ముదురుతాయి.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. "వారంలో ముఖం మెరుస్తుంది" అనే క్రీముల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. మొదటి వారం ఎరుపు తగ్గి బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత చర్మం పలచబడి, రక్తనాళాలు కనిపించి, మొటిమలు గుంపులుగా లేస్తాయి. డాక్టరు రాయకుండా అలాంటివి ముఖానికి రాయకండి, స్నేహితురాలు చెప్పినా సరే.

లోతైన గడ్డలు వస్తున్నా, గుంటలు పడుతున్నా, పన్నెండు వారాలకు తగ్గకపోయినా, అమ్మాయిల్లో నెలసరి క్రమం తప్పి గడ్డం దగ్గర వెంట్రుకలు పెరుగుతున్నా డాక్టరు దగ్గరకు రండి. నుదుటి మీద, ఛాతీ మీద అన్నీ ఒకే సైజులో, దురదతో ఉంటే అది మొటిమ కాకపోవచ్చు, ఫంగస్ కావచ్చు. యాంటీబయాటిక్ వేస్తే అది ఇంకా పెరుగుతుంది. పిల్లలు అద్దం ముందు నుంచి కదలకపోయినా, బయటికి వెళ్లడమే మానేసినా తల్లిదండ్రులు "ఆ వయసుకు మామూలే" అని కొట్టిపారేయకండి. మొటిమలు నాలుగే ఉన్నా ఆ బాధ నాలుగు మొటిమలంత చిన్నది కాదు.

ప్రశ్నలు అడగండి.

(సభ నుంచి ఒక తల్లి: మేడమ్, మా అక్క కొడుక్కి డాక్టరు రాసిన క్యాప్సూల్స్ సగం మిగిలాయి. మా అమ్మాయికి కూడా అవే వేయొచ్చా?)

వద్దమ్మా. ఆ అబ్బాయి బరువు, వయసు, అలర్జీలు, మొటిమల రకం చూసి అతనికి రాశారు. మీ అమ్మాయికి అది తెలియని మందే. మిగిలినవాటిని ఫార్మసీలో తిరిగి తీసుకుంటారేమో అడగండి. డ్రైనేజీలో మాత్రం పారబోయకండి, నీళ్లలో కలిసిన యాంటీబయాటిక్ కూడా సూక్ష్మజీవులకు పాఠం నేర్పుతుంది.

(వెనక వరుస నుంచి ఒక విద్యార్థిని: మేడమ్, నేను ఆల్రెడీ అలాంటి సైట్‌లోనే తెప్పించుకున్నాను. నాలుగు రోజులు వేసుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలి?)

ధైర్యంగా అడిగావమ్మా, చాలా మంచి పని చేశావు. ముందు ఇది చెప్పు, ఊపిరి ఆడకపోవడం, ముఖం గానీ పెదవులు గానీ వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, గట్టి తలనొప్పి, చూపు మసకబారడం, ఇలాంటివేమైనా ఉన్నాయా? లేవు కదా. ఎప్పుడు కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ రాత్రి నుంచి ఆ బిళ్లలు వేసుకోవద్దు. నీకు డాక్టరు రాయలేదు, అందులో ఏముందో తెలియదు, మధ్యలో ఆపితే ఏమవుతుందో అన్న టెన్షన్ అక్కర్లేదు. కవరు, పెట్టె, బిల్లు, వాళ్లు పంపిన మెసేజ్‌లు దేన్నీ పారెయ్యకు. మిగిలిన బిళ్లలు కూడా లెక్కపెట్టి అలాగే ఉంచు. వాటిని బట్టే నియంత్రణ సంస్థకు ఫిర్యాదు ఇవ్వగలం. సభ అయ్యాక నన్ను కలువు, ముఖం కూడా చూస్తాను. అమ్మకు చెప్పడానికి భయమైతే చెప్పు, ఇద్దరం కలిసి చెబుదాం.